ఇరవై నాలుగు రెట్ల స్కోపు

పోయిన నెల రాజ్యలక్ష్మి ఆంటీ మా ఇంటికొచ్చి పది రోజులుంది. విశ్వనాథం అంకుల్ పోయాక ఆమె రెజైనా దాటి బయటికి రావడం అదే మొదలు. మేముండేది టొరంటో పక్కన మిల్టన్‌లో, ఒకదాన్నొకటి ఆనుకుని కట్టిన టౌన్‌హౌసుల వరసలో. వాకింగ్‌కి వెళ్ళొస్తే మా తలుపు ఏదో గుర్తుపట్టడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. నాలుగో రోజుకి మాత్రం మా వంటిల్లు పూర్తిగా ఆమె చేతిలోకి పోయింది. పోపుల డబ్బాలో జీలకర్ర ఉండాల్సిన చోట ఆవాలున్నాయని నాకు చివాట్లు పడ్డాయి. మా అమ్మాయి నా చెవిలో "వై ఈజ్ షీ మూవింగ్ ఎవ్రీథింగ్?" అని గొణిగితే ఆంటీకి వినపడింది. "మీ అమ్మ వంట నా దగ్గరే నేర్చుకుందమ్మా. సరిగ్గా నేర్చుకోలేదు. అందుకని సర్దుతున్నా" అని తెలుగులోనే జవాబిచ్చింది. ఆంటీ అంటున్నానే గానీ నాకు చుట్టం కాదు. చదువుకోడానికి రెజైనా వెళ్ళినప్పుడు రెండేళ్ళు వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉన్నాను, అంతే. కానీ ఈ దేశంలో నాకు పుట్టిల్లు ఏదంటే ఆ బేస్‌మెంటనే చెప్తాను.

ఐదో రోజు మధ్యాహ్నం ఇద్దరం డైనింగ్ టేబుల్ దగ్గర కూచుని మెంతికూర తుంచుతున్నాం. ఆంటీ తలెత్తకుండా అడిగింది.

"ఒక మాట అడుగుతా సునీతా, దాచకుండా చెప్పు. ఆఖరిసారి మీ అంకుల్‌తో వేటకి నువ్వు వెళ్ళావు చూడు. ఆ రోజు అక్కడ ఏం జరిగింది?"

"ఏమైతది ఆంటీ? జింక దొరకలే, వాపసొచ్చినం" అన్నాను. ఏళ్ళ తరబడి చెప్తున్న అబద్ధం కాబట్టి తడబడకుండానే వచ్చింది.

"దొరక్కపోవడం ఆయనకి కొత్తా? అంతకుముందు ఎన్నోసార్లు ఉత్త చేతులతో వచ్చారు. మర్నాడే మళ్ళీ వెళ్ళేవారు. ఆ రోజుతో మాత్రం తుపాకీ ముట్టుకోలేదు." ఆమె తుంచిన ఆకునే మళ్ళీ తుంచుతోంది. "ఆ రోజు పొద్దున బయల్దేరేముందు నేనొక మాటన్నాను. ఈ వయసులో కూడా ఇంకో ప్రాణం తియ్యాలా, రేపు మన ప్రాణం సుఖంగా పోవద్దా అన్నాను. ఆయన ఏమీ అనలేదు. వచ్చి అన్నీ మానేశారు. ఆయనకున్న సరదా అదొక్కటే. దాన్ని నా నోటితో నేనే లాగేసుకున్నానని ఇన్నేళ్ళూ గుండెల్లో పెట్టుకుని ఉన్నాను. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు."

అంకుల్ వేట మానడానికి కారణం నేనేనని, నేను చేసిన తెలివితక్కువ పనేనని అప్పటిదాకా నేననుకుంటున్నాను. ఒకే తప్పుని ఇద్దరం చెరో ఇంట్లో మోసుకు తిరిగామన్నమాట. చెప్పనని ఆయనకి మాటిచ్చి ఉన్నాను. ఆ మాట ఇప్పుడు ఎవరికి కావాలి అనిపించింది. అయినా టీ పెడతానని లేచి స్టౌ దగ్గర నిలబడ్డాను. నీళ్ళు మరిగేలోపు ఆ రెండేళ్ళూ కళ్ళ ముందుకొచ్చాయి.

నేను వెళ్ళేసరికి మన పిల్లలు రెజైనాలో గుంపులు గుంపులుగా దిగడం అప్పుడే మొదలైంది. యూనివర్సిటీ బస్సెక్కితే వెనక సీట్లలో ఖమ్మం, ముందు సీట్లలో కడప. అందరికీ పగలు క్లాసులు, సాయంత్రం ఏదో ఒక పార్ట్‌టైం. ఒకడు గ్యాస్ స్టేషన్లో, ఒకామె డోనట్ల షాపులో, ఇద్దరు ముగ్గురు గోడౌన్లలో. నాకు మాత్రం వేట సామాన్లు, చేపల గాలాలు, టెంట్లు అమ్మే పెద్ద షాపులో దొరికింది. తుపాకుల కౌంటర్లో నిలబడాలంటే లైసెన్సుండాలి. తుపాకీ మీద బిగించే దుర్భిణికి, అంటే స్కోపుకి, ఏ లైసెన్సూ అక్కర్లేదు. అందుకని నన్ను స్కోపుల అద్దాల బీరువా వెనక నిలబెట్టారు. సిద్దిపేట పక్కన మా ఊళ్ళో నేను చూసిన ఆయుధం మా నాయిన బోనాలకి పదునుపెట్టే కత్తి ఒక్కటే. ఫోన్లో మా అమ్మ "ఏం అమ్ముతవు బిడ్డా?" అంటే "కళ్ళద్దాలసొంటివి అమ్మా" అని చెప్పాను. అది మరీ అబద్ధం కూడా కాదు.

ప్రతి స్కోపు మీదా నంబర్లుంటాయి. మూడు-తొమ్మిది అని ఉంటే దూరంగా ఉన్నదాన్ని మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల వరకూ దగ్గరికి తెచ్చి చూపిస్తుందని అర్థం. ఆరు-ఇరవై నాలుగు అంటే ఇరవై నాలుగు రెట్ల దాకా. మధ్యలో ఒక రింగు తిప్పి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. కంపెనీల కాగితాలన్నీ బస్సులో కూచుని బట్టీ పట్టేశాను. బట్టీ పట్టడం మనకి వెన్నతో పెట్టిన విద్య. మేం మార్కుల మధ్య పుట్టి మార్కుల మధ్య పెరిగిన పిల్లలం. తొంభై కంటే తొంభై ఎనిమిది గొప్పదని ఉగ్గుపాలతో తాగాం. కాబట్టి తొమ్మిది కంటే ఇరవై నాలుగు గొప్పదని నాకు ఇంకొకళ్ళు చెప్పనక్కర్లేదు. అక్కడి రైతులు మాత్రం నన్ను దాటుకుని పక్కనున్న గోర్డన్ అనే పెద్దాయన దగ్గరికే పోయేవాళ్ళు. వాళ్ళ తప్పు కూడా లేదు. చలికోటు జిప్పు పెట్టుకోవడం ఇంకా సరిగ్గా రాని పిల్ల, నాలుగువందల గజాల దూరంలో జింకని ఎలా చూడాలో చెప్తే ఎవరు వింటారు? నాకు మాత్రం ఉడుకుమోత్తనం. ఒక్కళ్ళయినా నా మాట మీద స్కోపు కొనకపోతారా అని రోజూ అద్దాలు తుడుచుకుంటూ నిలబడేదాన్ని.

విశ్వనాథం గారు పశువుల డాక్టరు. ప్రకాశం జిల్లా మనిషి. పెళ్ళయిన కొత్తలోనే సస్కాచెవాన్ వచ్చి, దక్షిణాన పశువుల మందలుండే ఊళ్ళల్లో ముప్పై ఏళ్ళు పైన పని చేసి రిటైరయ్యారు. అడ్డం తిరిగిన దూడని మంచులో మోకాళ్ళ మీద కూచుని బయటికి లాగిన మనిషి. ఆ మందల వాళ్ళే ఆయనకి వేట నేర్పారు. పుట్టినప్పటి నుంచి కోడిగుడ్డు ముట్టని ఇంట్లోంచి వచ్చిన ఆయన జింక మాంసం దగ్గరికి ఎలా వచ్చారని అడిగితే, "వాళ్ళింట్లో భోజనానికి కూచున్నాక వద్దంటే ఏం బాగుంటుందమ్మా?" అనేవారు. ఆంటీ ఇప్పటికీ ఉల్లిపాయ కూడా కార్తీకమాసంలో ముట్టదు. మరి ఈ ఇద్దరూ ఒక కప్పు కింద నలభై ఏళ్ళు ఎలా వేగారంటే, ఆ ఇంటికి ఒక సరిహద్దుండేది. గరాజ్‌లోంచి ఇంట్లోకి వచ్చే తలుపే ఆ సరిహద్దు. అవతల అంతా ఆయన రాజ్యం. అక్కడ వేరే ఫ్రీజరు, వేరే స్టౌ, వేరే గరిటెలు, తాళం వేసిన ఇనప బీరువాలో తుపాకీ. ఇవతల ఆమె దేవుడి గూడు. వేట నుంచి వస్తే ఆయన వంటింటి వైపు తొంగి చూడకుండా బేస్‌మెంట్‌లోకి దిగి, నా గది పక్కన బాత్రూంలో తలస్నానం చేసి, పొడి బట్టలు కట్టుకుని పైకెక్కాలి. పైపుల్లో నీళ్ళ చప్పుడు వింటే నాకు అర్థమయ్యేది, అంకుల్ వేట నుంచి వచ్చారని.

ఆదివారాలు ఆయన గరాజ్‌లో గోంగూర వేసి జింక మాంసం వండేవారు. తుపాకీ గొట్టానికి పూసే నూనె వాసన, వేగుతున్న గోంగూర వాసన, తడి బూట్ల వాసన. ఈ మూడూ కలిస్తే ఎలా ఉంటుందో వర్ణించమంటే నా వల్ల కాదు. కానీ ఇప్పటికీ ఏ గరాజ్ ముందు నుంచి వెళ్ళినా ఒకసారి గాలి పీలుస్తాను. సగం ఊరి తెలుగు పిల్లలు డబ్బాలు పట్టుకుని గరాజ్ ముందు హాజరు. ఆంటీ గుమ్మం ఇవతలే నిలబడి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఉప్పు సరిపోయిందేమో ఆ పిల్లల్ని అడగండి. మీ నాలికని నమ్మలేం" అని కేకేసేది. తినదు, ముట్టదు, వాసన పీల్చదు. కానీ పిల్లలకి ఉప్పు తక్కువైతే ఒప్పుకోదు.

వేటలో అంకుల్‌కి ఒక పట్టింపుండేది. ఒక్క గుండు, అక్కడికక్కడే ప్రాణం పోవాలి. నమ్మకం లేకపోతే ట్రిగ్గర్ నొక్కకూడదు. "పశువుకి సూది వెయ్యాలన్నా ఒక్కసారే గుచ్చుతాం. రెండోసారి గుచ్చేవాడు డాక్టరు కాదు" అనేవారు. నేర్చుకుంటున్న రోజుల్లో ఒకే ఒక్కసారి ఆయన గురి తప్పి జింక పొట్టలో తగిలిందట. అది పడిపోకుండా పరిగెత్తింది. మంచు మీద నెత్తుటి చుక్కలు చూసుకుంటూ మర్నాడు మధ్యాహ్నం దాకా తిరిగి, దాన్ని కనిపెట్టి, బాధ తీర్చి, అక్కడే కూచుని ఏడ్చానని చెప్పారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో ఒక్క జంతువుని కూడా గాయంతో వదల్లేదు. మనిషికి గర్వం అనేది ఉంటే అదొక్కటే ఉండేది ఆయనకి.

ఆ ఏడు ఆయనకి డ్రా తగిలింది. అక్కడ గాడిద చెవుల్లాంటి పెద్ద చెవులుండే జింకలుంటాయి. వాటిలో కొమ్ములున్న మగదాన్ని వేటాడాలంటే పేరు రాసుకుని డ్రా కోసం ఎదురుచూడాలి. ఏళ్ళకి ఏళ్ళు చూశాక ఆయనకి వచ్చింది. డెబ్భై నాలుగో ఏట. "ఇంకోసారి వచ్చేసరికి నేనుంటానో లేదో, ఇదే ఆఖరు" అని నవ్వుతూ అన్నారు గానీ, ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి, పోతూ వస్తూ చూసుకునేవారు. ఆ వారమే మా షాపుకొచ్చారు. గోర్డన్ చెయ్యెత్తి పలకరించినా ఆగకుండా నేరుగా నా బీరువా దగ్గరికే వచ్చారు.

"ఏమ్మా సునీతా, పాత స్కోపు నాలుగు రెట్లదే. ఈ మధ్య దూరంగా ఉన్నది నాకు సరిగ్గా ఆనడం లేదు. ఈసారి కొండవాలుల్లోకి వెళ్తున్నా. మూడొందల గజాలు, నాలుగొందల గజాలు ఉండొచ్చు. ఏది తీసుకోమంటావ్?"

"గీ ఆరు-ఇరవై నాలుగు తీస్కోండి అంకుల్. అన్నిట్ల కంటే పెద్దది ఇదే" అన్నాను. క్షణం కూడా ఆలోచించలేదు.

పక్కనుంచి గోర్డన్ కల్పించుకున్నాడు. ఆయన ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పినదంతా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. రెట్లు పెరిగే కొద్దీ స్కోపులో కనపడే మేర తగ్గిపోతుంది, జింక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. తెల్లవారే వేళ బొమ్మ మసకేస్తుంది. మనిషి ఊపిరి పీల్చినా స్కోపులో భూకంపంలా ఉంటుంది. ఇరవై నాలుగు రెట్లు కాగితం మీద చుక్కల్ని కొట్టే పోటీలకి. వేటకి మూడు-తొమ్మిది చాలు, మరీ దూరమైతే నాలుగు-పన్నెండు. నాకు ఒళ్ళు మండింది. నా దగ్గరికి నా మనిషి ఒక్కడొస్తే ఆయన్ని కూడా లాక్కుంటాడేంటి అనుకున్నాను.

"ఎక్కువైతే రింగు తిప్పి తగ్గించుకోవచ్చు గదా అంకుల్. తక్కువది కొన్నంక పెంచుకోవాలంటే ఎట్ల?" అన్నాను తెలుగులో.

మన ఇళ్ళల్లో పిల్లలకి రెండు సైజులు పెద్ద చెప్పులు కొనేటప్పుడు పెద్దవాళ్ళు చెప్పే మాటే అది. అంకుల్ నన్నొకసారి, గోర్డన్‌నొకసారి చూశారు. తర్వాత గోర్డన్ వైపు తిరిగి, ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా, "మా అమ్మాయి చెప్పింది. మా అమ్మాయి మాటే" అన్నారు. ఆ సాయంత్రం బస్సులో నేను నిలబడే వచ్చాను. సీట్లు ఖాళీగానే ఉన్నాయి, కూచోవాలనిపించలేదు.

గురి సరిచూసే మైదానంలో తుపాకీని ఇనప స్టాండులో బిగించి కాలిస్తే, గుళ్ళన్నీ రూపాయి బిళ్ళంత చోటులో పడ్డాయి. ఆ కాగితం తెచ్చి నాకు చూపించారు. నవంబరులో ఒక శనివారం, తోడొస్తానన్న పశువుల మందలున్న స్నేహితుడికి నడుం పట్టేసిందని ఫోనొచ్చింది. "నువ్వు రామ్మా. నువ్విచ్చిన స్కోపు ఎలా పనిచేస్తుందో నువ్వే చూద్దువుగాని" అన్నారు అంకుల్. మిగతా వేటగాళ్ళకి కనపడేలా, నాకు రెండు సైజులు పెద్దదైన నారింజ రంగు చొక్కా తొడిగారు. నేను కిందనించి వచ్చేసరికి ఆంటీ మొహం గంటు పెట్టుకుని ఉంది. అయినా మిరియాల చారు కాచి ఫ్లాస్కులో పోసి, నా చేతికిచ్చింది. ఆయన చేతికివ్వలేదు. ఏదో మాట జరిగిందని తెలుసు. ఆ మాట ఏమిటో ఇప్పుడు, మెంతికూర ముందు కూచుంటే తెలిసింది.

రెజైనా నుంచి దక్షిణంగా రెండు గంటలు పోతే, బల్లపరుపు నేల ఉన్నట్టుండి చీలి లోయలు మొదలవుతాయి. చీకటి విడుతుండగా ఒక గట్టు మీద బోర్లా పడుకున్నాం. పలచగా మంచు పట్టిన నేల కొరికేస్తోంది. అంకుల్ తుపాకీ కింద పెట్టుకోడానికి చిన్న బియ్యం సంచి ఉండేది. పాత పంచె చింపి ఆంటీయే కుట్టి పెట్టింది, వేటంటే పడకపోయినా. వెలుతురు వస్తుంటే అవతలి వాలులో ఒక జింక లేచి నిలబడింది. కొమ్ములు నాకు మామూలు కళ్ళకే కనపడ్డాయి. పక్కకి తిరిగి, భుజం పూర్తిగా మా వైపు పెట్టి, పొదలో ఏదో మేస్తోంది. మూడువందల యాభై గజాలుంటుంది. మధ్యలో అంతా బయలు, ఇంకా దగ్గరికి పోయే దారి లేదు. అంకుల్ గొంతు తగ్గించి "ఇదే, ఇదేనమ్మా" అన్నారు. ఆ గొంతులో ఉన్న ఆనందం పదేళ్ళ పిల్లాడిది.

స్కోపు రింగుని చివరిదాకా ఇరవై నాలుగుకి తిప్పి కన్ను పెట్టారు. చాలాసేపు వెతికారు. "గడ్డే కనపడుతోంది... రాయి... ఎక్కడికి పోయింది?" అంటున్నారు. అది అక్కడే ఉంది. గోర్డన్ చెప్పినట్టే జరుగుతోంది. చివరికి దొరికింది. "ఆఁ" అన్నారు. ఊపిరి వదిలారు, మళ్ళీ పీల్చారు, మళ్ళీ వదిలారు. వేలు ట్రిగ్గర్ మీదికి పోయి వెనక్కి వచ్చింది. అలా రెండుసార్లు. నేను పక్కనించి చూస్తున్నాను. ఆయన మొహం రంగు మారింది.

"ఏమైంది అంకుల్?"

"స్కోపులో గురి గీత దాని భుజం మీద ఆగడం లేదమ్మా. పొట్ట మీదికి పోతోంది, కాలి మీదికి పోతోంది. చలేమో అనుకున్నా. చలి కాదు." తుపాకీ మీంచి కుడిచెయ్యి తీసి, గ్లౌజు లాగేసి, కళ్ళ ముందు పెట్టుకుని చూశారు, పశువు కాలు పరీక్ష చేసినట్టు. "నాకు ఇంత వణుకుందని నాకే తెలీదు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇదంతా నా పుణ్యమే. పాత స్కోపుతో వచ్చి ఉంటే ఈపాటికి ఆయన పని ముగించి నవ్వుతూ ఉండేవారు. "రెట్లు తగ్గించండి అంకుల్, ఆరుకి తిప్పండి" అని నేనే చెయ్యి చాపి చూపించాను. ఆయన తిప్పారు. కన్ను పెట్టారు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు కుదురుగా ఉంది" అన్నారు.

"మరింక కొట్టండి అంకుల్!"

ఆయన కన్ను తీశారు. నా వైపు చూసి, ఎంతో మెల్లగా, క్లాసులో పిల్లకి చెప్పినట్టు చెప్పారు. "వణుకు పోలేదమ్మా. కనపడ్డం మానేసింది, అంతే. చెయ్యి అదే చెయ్యి కదా."

జింక ఇంకా మేస్తూనే ఉంది. ఆయన తుపాకీలోంచి గుళ్ళు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నారు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన జింక ఎదురుగా నిలబడి ఉండగా ఆ నాలుగు గుళ్ళూ తియ్యడం చూశాను నేను. మా నాయిన కూడా ఎప్పుడూ అంత పెద్దవాడిలా కనపడలేదు నాకు. తర్వాత ఖాళీ తుపాకీతోనే, స్కోపులోంచి, దాన్ని తనివితీరా చూశారు. "చెవులు చూడు, ఎట్లా తిప్పుతోందో. మంచి ఆరోగ్యంగా ఉంది. నాలుగైదేళ్ళుంటుంది" అని పశువుల డాక్టరుగా మాట్లాడారు. నన్ను కూడా చూడమన్నారు. నాకు కన్నీళ్ళలో ఏమీ కనపడలేదు. చూశానని చెప్పాను. అది దాని దారిన గట్టెక్కి వెళ్ళిపోయింది.

నేను వెక్కుతూ సారీ చెప్తుంటే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నువ్వెందుకే ఏడుస్తావు? పాత నాలుగు రెట్ల దాంతో వచ్చి ఉంటే గురి కుదిరిందనే అనుకుని కాల్చేసేవాణ్ణి. పొట్టలో తగిలేది. రేపు మధ్యాహ్నం దాకా నెత్తురు వెంట నడిచే ఓపిక ఇప్పుడుందా నాకు? నువ్వు పెద్ద స్కోపివ్వబట్టి బతికిపోయాం. అదీ, నేనూ."

ఫ్లాస్కు మూతలో చారు పోసి ఇచ్చాను. నిండా పోశాను. నోటి దాకా వెళ్ళేలోపు సగం మంచు మీద ఒలికింది. ఆయన ఆ మరకలోంచి లేస్తున్న ఆవిరినే చూస్తూ, "విచిత్రం. ఇంట్లో ఎప్పుడూ ఒలకదే" అన్నారు. మూత నా చేతికిచ్చి, "మీ ఆంటీకి చెప్పకు. కంగారు పడుతుంది. జింక దొరకలేదందాం" అన్నారు. సరేనన్నాను. ఇంటికి రాగానే బేస్‌మెంట్‌లోకి దిగి తలస్నానం చేశారు, ఏ రక్తమూ అంటకపోయినా. నెల తిరక్కుండా తుపాకీ మందల స్నేహితుడి కొడుక్కి, కాగితాల పనంతా చేయించి, ఇచ్చేశారు. ఒక రోజు పనిగట్టుకుని మా షాపుకొచ్చి గోర్డన్‌తో, మా అమ్మాయిచ్చిన స్కోపు బ్రహ్మాండంగా పనిచేసిందని చెప్పి వెళ్ళారు.

ఆ తర్వాత నేను అమ్మడం మారింది. ఏది పెద్దదో చెప్పడం మానేసి అడగడం మొదలుపెట్టాను. ఎంత దూరం, ఏ వేళకి, పడుకుని కాలుస్తారా నిలబడా, చేతులెలా ఉన్నాయి. చిన్నది చాలని నేను చెప్తే రైతులు ముందు వింతగా చూసి, తర్వాత తలాడించి, తర్వాత నన్ను వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. ఇప్పుడు నేను చేసే ఉద్యోగానికీ స్కోపులకీ సంబంధం లేదు. రోజూ రైలెక్కి టొరంటో పోయి కంప్యూటర్ ముందు కూచుంటాను. రైల్లో మన పిల్లలు కనపడతారు, కునికిపాట్లు పడుతూ, యూనిఫాం మీద కోటేసుకుని. మా కాలంలో ఏ సందేహమొచ్చినా ఏదో ఒక గరాజ్ ముందుకి డబ్బా పట్టుకుని పోయేవాళ్ళం. వీళ్ళకి అన్నీ ఫోన్లోనే దొరుకుతాయి, ఎవరి గుమ్మమూ ఎక్కక్కర్లేదు. అది హాయే కావచ్చు. కానీ నేను తప్పు చెప్తే, "మా అమ్మాయి చెప్పింది" అని నలుగురిలో నా పక్కన నిలబడ్డ మనిషి నాకొకరున్నారు. వీళ్ళకి అలాంటి మనిషి ఒక్కరైనా ఉన్నారా అని ప్రతి పిల్ల మొహంలోకీ చూస్తాను. ఒక్కరినైనా పిలిచి ఆదివారం అన్నం పెట్టానా అంటే, నేనూ పెట్టలేదు.

టీ తెచ్చి టేబుల్ మీద పెట్టి ఆంటీకి అంతా చెప్పాను. గీత భుజం మీద ఆగకపోవడం, రెట్లు తగ్గించడం, గుళ్ళు జేబులో వేసుకోవడం, అన్నీ. "మీ మాటకి కాదు ఆంటీ, నా స్కోపుకి కూడా కాదు. ఆయన చెయ్యి ఆయన చూసుకున్నరు, ఆయనే ఆపేసిన్రు. మీరు కంగారు పడ్తరని నన్ను చెప్పొద్దన్నరు" అన్నాను. చారు ఒలికిన సంగతీ, ఇంట్లో ఎప్పుడూ ఒలకదే అని ఆయన ఆశ్చర్యపోయిన సంగతీ చెప్పేసరికి ఆంటీ చేతులాగిపోయాయి.

"ఎట్లా ఒలుకుద్దే?" అంది. "అప్పటికి రెండేళ్ళ నుంచీ ఆయన గ్లాసులో కాఫీ సగమే పోస్తున్నాను. తాగాక మళ్ళీ సగం. మజ్జిగైనా అంతే, మంచినీళ్ళయినా అంతే. ఒలికితే చూసుకుని చిన్నబుచ్చుకుంటారని. 'నీకు పిసినారితనం ముదిరింది రాజ్యం' అని దెప్పేవారు. పడేదాన్ని."

వేళ్ళకి మెంతాకు అంటుకుని ఉందని మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. నేను లేచి వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యేశాను. మా అమ్మాయి మెట్లు దిగి వచ్చి, మమ్మల్ని చూసి, మళ్ళీ పైకెళ్ళిపోయింది.

"నాకు చెప్పి ఉంటే," అంది ఆంటీ, "నిండా పోసి, నేనే పట్టుకునేదాన్ని కదే."